ఆరు పీరియడ్లు తక్కువ: కాలేజీ హాజరు నియమాలు అసలేం చెబుతున్నాయి?

సెమిస్టర్ ఆఖరి వారంలో ఒక థర్డ్ ఇయర్ అబ్బాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, ప్లేట్‌లెట్ల రిపోర్టులు, డాక్టరు సంతకం పెట్టిన సర్టిఫికెట్. సెప్టెంబరులో పిల్లవాడికి డెంగీ వచ్చింది. పద్దెనిమిది పనిదినాలు కాలేజీకి రాలేదు. అందులో అబద్ధం ఏమీ లేదు. "సార్, జ్వరం వస్తే మావాడు మాత్రం ఏం చేస్తాడు? కాగితాలన్నీ ఉన్నాయి కదా" అన్నారాయన.

రిజిస్టర్లన్నీ తెప్పించి ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. మా కాలేజీలో రోజుకు ఆరు పీరియడ్లు. ఆ సెమిస్టర్‌లో 90 పనిదినాలు, అంటే 540 పీరియడ్లు జరిగాయి. అబ్బాయి హాజరైనవి 345. మిడ్స్, అంటే సెమ్ మధ్యలో పెట్టే పరీక్షలు, రాసినందుకు వచ్చే పీరియడ్లు కూడా అందులో కలిసే ఉన్నాయి. శాతంలో చెప్పాలంటే 63.9. మెడికల్ సర్టిఫికెట్ పెట్టినా కనీసం 65 శాతం ఉండాలి, అంటే 351 పీరియడ్లు. ఆరు తక్కువ. సరిగ్గా ఒక్క రోజు.

ఆ అబ్బాయి డిటైన్ అయ్యాడు, అంటే ఆ సెమ్ పరీక్షలు రాయనివ్వలేదు. ఇది జరిగి కొన్నేళ్లయింది. కానీ హాజరు గురించి ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ప్లాస్టిక్ కవరే. ఎందుకంటే ఆ తండ్రి నమ్మినదాన్నే ఇప్పటికీ చాలామంది విద్యార్థులు, వాళ్ల ఇంట్లోవాళ్లు నమ్ముతున్నారు. సర్టిఫికెట్ ఉంటే చాలు, పోయిన హాజరు తిరిగి వస్తుందని. అది రాదు. ఎందుకు రాదో, దానికి బదులు ఏం వస్తుందో వివరంగా చెబుతాను.

రెండు గీతలు

తెలుగు రాష్ట్రాల్లోని ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావరకు జేఎన్‌టీయూ అనే టెక్నికల్ యూనివర్సిటీల రెగ్యులేషన్లే నడుస్తాయి, లేదా వాటిని చూసి రాసుకున్నవి నడుస్తాయి. వాటిలో హాజరుకు రెండు గీతలు ఉంటాయి. పై గీత 75 శాతం. సెమిస్టర్‌లోని సబ్జెక్టులన్నీ కలిపి మొత్తం మీద 75 ఉంటే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా సెమ్ పరీక్షలు రాయొచ్చు. కింది గీత 65. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లు సరైన కారణం, దానికి ఆధారం చూపించి, నిర్ణయించిన ఫీజు కడితే కాలేజీ అకడమిక్ కమిటీ ఆ లోటును మాఫీ చేయవచ్చు. దీన్నే కండోనేషన్ అంటారు. 65 కంటే తగ్గితే మాత్రం ఏ పరిస్థితిలోనూ మాఫీ కుదరదని రెగ్యులేషన్లలో స్పష్టంగా రాసి ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు జాలి కలిగినా ఆయన చేతిలో ఏమీ ఉండదు.

కాబట్టి మెడికల్ సర్టిఫికెట్ చేసే పని ఒక్కటే: 65కూ 75కూ మధ్య ఉన్న మనిషిని పరీక్ష హాలు దాకా చేర్చడం. అది ఒక్క పీరియడ్‌ను కూడా హాజరులో కలపదు. సర్టిఫికెట్ పెట్టాక కూడా మీ శాతం అంతే ఉంటుంది, దాన్ని చూసే చూపు మాత్రమే మారుతుంది. ఓడీ (ఆన్ డ్యూటీ) అలా కాదు. కాలేజీ తరఫున ఆటల పోటీలకో, ఎన్‌సీసీ క్యాంపుకో ముందుగా అనుమతి తీసుకుని వెళ్తే ఆ రోజులను హాజరుగానే లెక్కిస్తారు. దీనికీ కొన్ని చోట్ల పరిమితి ఉంటుంది. వెళ్లొచ్చాక అడిగితే చాలామంది హెచ్‌ఓడీలు (డిపార్ట్‌మెంట్ హెడ్‌లు) ఒప్పుకోరు. మెడికల్, ఓడీ రెండూ ఒకటే అనుకుని నష్టపోయినవాళ్లను ఎంతోమందిని చూశాను.

మొత్తం మీద 75 ఉంటే సరిపోదు, ప్రతి సబ్జెక్టులో కూడా విడిగా ఇంత కనీసం ఉండాలి అనే షరతు కొన్ని రెగ్యులేషన్లలో ఉంది. నచ్చని సబ్జెక్టు పూర్తిగా ఎగ్గొట్టి మిగతావాటితో సరిపెట్టుకుందాం అనుకునేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. మీ బ్యాచ్‌కు ఏ రెగ్యులేషన్ వర్తిస్తుందో చూసి, అందులో హాజరు గురించి ఉన్న పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సీనియర్ చెప్పిన రూల్ సీనియర్ బ్యాచ్‌ది.

కోర్సును బట్టి ఈ గీతలు మారతాయి. ఎంబీబీఎస్‌లో థియరీకి 75, ప్రాక్టికల్స్‌కు 80 శాతం కావాలి. ప్రాక్టికల్స్‌కు ఎక్కువ ఎందుకంటే, వార్డులో రోగి పక్కన నిలబడి నేర్చుకునేదాన్ని తర్వాత నోట్సు జిరాక్స్ తీసుకుని నేర్చుకోలేం. లా కోర్సులకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నియమాలు ప్రతి సబ్జెక్టులో 70 శాతం అడుగుతాయి. ప్రత్యేక కారణం ఉంటే ఆ సబ్జెక్టులో 65 దాకా దిగొచ్చు, కానీ అన్నీ కలిపి 70 ఉండాలి. ఢిల్లీ యూనివర్సిటీలో ఎప్పటినుంచో ఉన్నది మూడింట రెండు వంతుల నియమం. డిగ్రీ కోర్సులకు సంబంధించి 2003లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తెచ్చిన నిబంధనలు మాత్రం, కనీస హాజరును యూనివర్సిటీలే నిర్ణయించుకోవాలి, అది మామూలుగా 75 శాతానికి తగ్గకూడదు అన్నాయి. మన నోట ఎప్పుడూ ఆడే "75" అంకె దేశమంతా పాతుకుపోవడానికి ఇలాంటివే కారణం.

ఒకటి పోతే మూడు

శాతాలు వింటే అందరికీ అర్థమైనట్టే ఉంటుంది. నిజానికి అక్కడే మోసపోతారు. 75 శాతాన్ని ఇంకోలా చెప్పుకుందాం: మానేసిన ప్రతి పీరియడ్‌కు మూడు పీరియడ్లు హాజరై ఉండాలి. అంతే. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. మీరు మానేసిన పీరియడ్లు ఎన్నో లెక్కపెట్టండి, మూడుతో గుణించండి. హాజరైనవి అంతకంటే తక్కువైతే లోటులో ఉన్నట్టు.

సెమ్ మొదలై 200 పీరియడ్లు అయ్యాయి, మీరు 120 వెళ్లారు అనుకోండి. 60 శాతం. "ఇంకో పదిహేను శాతమే కదా, వచ్చే నెలలో లాగేస్తాను" అనిపిస్తుంది. కానీ మానేసినవి 80. మూడింతలు 240. వెళ్లినవి 120. అంటే ఇకపై ఒక్కటీ వదలకుండా మరో 120 పీరియడ్లు వెళ్లాలి. రోజుకు ఆరు చొప్పున ఇరవై పనిదినాలు. ఆ ఇరవై రోజుల్లో తలనొప్పి రాకూడదు, ఇంట్లో పెళ్లి ఉండకూడదు, బస్సు మిస్ కాకూడదు. ఎక్కడం నెమ్మది, దిగడం వేగం. అందుకే సెమ్ మొదటి నెలను తేలిగ్గా తీసుకున్నవాళ్లు చివరి నెలలో ఎంత పట్టుదలగా వచ్చినా అంకె కదలదు.

ల్యాబ్ సంగతి మరీ దారుణం. మధ్యాహ్నం ల్యాబ్ అంటే మూడు పీరియడ్లు. భోజనం చేసి అలా ఇంటికి వెళ్లిపోతే ఒక్కసారే మూడు పోతాయి. వాటిని పూడ్చడానికి తొమ్మిది కావాలి. "సగం రోజే కదా" అనుకున్నది రోజున్నర పని అవుతుంది.

శాతం లెక్కలో కింద ఉండే అంకె గురించి కూడా తెలిసి ఉండాలి. శాతాన్ని జరిగిన క్లాసుల మీద లెక్కిస్తారు, జరగాల్సిన వాటి మీద కాదు. సార్ రాక క్లాసు జరగకపోతే అది లెక్కలోకే రాదు, మీకు నష్టం లేదు. ఆయన బదులు ఇంకొకరు వచ్చి క్లాసు తీసుకుంటే అది జరిగినట్టే. బంద్‌లకో, వర్షాలకో సెలవులిచ్చి పనిదినాలు తగ్గిపోయాయనుకోండి, అప్పుడు మీరు మానేసిన ఒక్కో పీరియడ్ బరువు పెరుగుతుంది. 540లో 108 పోతే 20 శాతం, 450లో అవే 108 పోతే 24. ఇక మాస్ బంక్. క్లాసు మొత్తం వెళ్లకపోతే ఏమీ చేయలేరనే నమ్మకం ఒకటుంది. మామూలుగా జరిగేది ఏమిటంటే, క్లాసు జరిగినట్టు రాసి అందరికీ ఆబ్సెంట్ వేస్తారు. 80 దగ్గర ఉన్నవాడికి అది గీత కూడా పడదు. 75 మీద వేలాడుతున్నవాడిని అదే కిందికి లాగుతుంది. మాస్ బంక్‌కు రమ్మని స్నేహితుణ్ని ఒత్తిడి చేసేముందు వాడి శాతం ఎంతో అడగండి.

పది నిమిషాల ఖరీదు

ఆలస్యాన్ని వేరే నియమంగా చూస్తాం గానీ, చివరికి అది కూడా హాజరు లెక్కలోకే వచ్చి చేరుతుంది. కాలేజీకో పద్ధతి ఉంటుంది. కొన్ని చోట్ల బెల్లు కొట్టాక ఐదో పదో నిమిషాలు ఆగి అటెండెన్స్ తీసుకుంటారు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఆ పీరియడ్ ఆబ్సెంట్. కొన్ని చోట్ల మూడు లేట్లు ఒక ఆబ్సెంట్‌తో సమానం. గేటు మూసేసే కాలేజీలూ ఉన్నాయి.

రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి మొదటి పీరియడ్ పోగొట్టుకునే విద్యార్థిని తీసుకుందాం. మిగతా రోజంతా బుద్ధిగా కూర్చుంటాడు, బంక్ కొట్టడు. 90 రోజులకు 90 పీరియడ్లు పోయాయి. మిగిలింది 83.3 శాతం. పైకి బాగానే ఉంది. కానీ 540లో 75 శాతానికి వదులుకోగలిగేవి మొత్తం 135. అందులో 90 అయిపోయాయి. మిగిలినవి 45. మొదటి పీరియడ్ ఎలాగూ పోయింది కాబట్టి రోజుకు ఐదు చొప్పున తొమ్మిది రోజులు. ఒక్క టైఫాయిడ్ చాలు.

కొందరు పిల్లలకు ఆలస్యం అలవాటు, ఇంకొందరికి దూరం. రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు, పొద్దున్నే పాలు పోసి వచ్చేవాళ్లు, తమ్ముణ్ని బడిలో దింపి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆలస్యంగా వచ్చిన విద్యార్థికి హాజరు వేయాలా వద్దా అనేది నియమం ప్రకారం నడవనివ్వండి. కానీ లోపలికి రానివ్వకుండా వరండాలో నిలబెట్టడం తప్పు. హాజరు నియమం పుట్టిందే పిల్లవాడు క్లాసులో ఉండాలని. హాజరు పోయినా పాఠం వినే అవకాశం పోకూడదు. నలభై నిమిషాల పాఠం గోడ అవతల నిలబడి వినడం ఎవరికీ మేలు చేయదు. తలుపు దగ్గర పంచాయితీ పెట్టుకుంటే లోపల ఉన్న అరవై మందికీ ఐదు నిమిషాలు పోతాయి, అది వేరే సంగతి.

కాలేజీ బస్సే ఆలస్యమైతే అది విద్యార్థి తప్పు కాదు. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి నుంచి లేట్ స్లిప్ తీసుకుని అదే రోజు ఇస్తే ఆ బస్సులో వచ్చినవాళ్లందరికీ హాజరు సరిచేయడం చాలా కాలేజీల్లో ఉన్న పద్ధతే. వారం తర్వాత వెళ్లి అడిగితే ఆ రోజు ఏ బస్సు ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

ఎర్ర 'ఎ'లు

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికి వెళ్దాం. చేత్తో రాసే అటెండెన్స్ రిజిస్టర్ ఎలా ఉంటుందో చాలామంది విద్యార్థులు దగ్గరగా చూసి ఉండరు. పేరుకెదురుగా చిన్న చిన్న గళ్లు. వచ్చిన రోజు 1, మళ్లీ వస్తే 2, తర్వాత 3, అలా అంకె పెరుగుతూ పోతుంది. రాని రోజు ఎర్ర పెన్నుతో 'ఎ'. మర్నాడు వస్తే ఆగిన చోటి నుంచే అంకె మళ్లీ మొదలవుతుంది. పేజీ చివరి గడిలో ఉన్న అంకే మొత్తం హాజరు.

అతని వరసలో డెంగీ రోజులు స్పష్టంగా కనిపించాయి. సెప్టెంబరులో పొడుగ్గా ఎర్ర గీత గీసినట్టు 'ఎ'లు. అవి 108 పీరియడ్లు. మిగతావి వెతుక్కోవాల్సి వచ్చింది. మొదటి పీరియడ్‌లో లేటుగా వచ్చి పడ్డవి 35. దసరా సెలవులకు ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు ఊళ్లో ఉండిపోయినవి 36. నాలుగు ల్యాబ్ మధ్యాహ్నాలు, 12. అక్కడొకటి ఇక్కడొకటి 4. మొత్తం 87.

వాళ్ల నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "జ్వరం ఒక్కటే అయితే ఎంత ఉండేది సార్?" వేసి చూపించాను. 540లో 108 పోతే 432. 80 శాతం. కాగితాలు, కండోనేషన్, ఫీజు ఏవీ అక్కర్లేదు. జ్వరం రాకుండా ఆ 87 మాత్రమే పోయి ఉంటే 83.9. అప్పుడూ ఏ ఇబ్బందీ లేదు. రెండూ కలిసేసరికి 63.9.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. 75 శాతం నియమంలో ఉన్న ఆ పాతిక శాతాన్ని విద్యార్థులు తమకిచ్చిన సెలవుల్లా చూస్తారు. "ఇంకా ఎన్ని బంకులు మిగిలాయి" అని లెక్క చూపించే యాప్‌లు కూడా ఉన్నాయి. ఆ పాతిక శాతం జ్వరానికి, ఇంట్లో చావుకు, వరదకు, అక్క కాన్పుకు దాచి ఉంచింది. ఎవరికీ ఆగస్టులో తెలియదు సెప్టెంబరులో దోమ కుడుతుందని. ఆగస్టులోనే ఖర్చు చేసుకుంటే సెప్టెంబరులో ఏమీ మిగలదు.

డిటైన్ అయితే పోయేది

ఫెయిలవడం కంటే డిటైన్ అవడం ఎందుకు పెద్ద దెబ్బో చాలామందికి అయ్యేదాకా తెలియదు. సబ్జెక్టు ఫెయిలైతే సప్లిమెంటరీ రాసుకోవచ్చు, బ్యాక్‌లాగ్ ఉన్నా, క్రెడిట్లు సరిపోతే పై సెమ్‌కు వెళ్లొచ్చు. హాజరు తక్కువై డిటైన్ అయితే ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషనే రద్దవుతుంది. బాగా చదివిన సబ్జెక్టులు, మిడ్స్‌లో తెచ్చుకున్న మార్కులు, పూర్తి చేసిన ల్యాబ్ రికార్డులు, అన్నీ పోతాయి. ఆ సెమ్‌లోని సబ్జెక్టులన్నీ మళ్లీ చదవాలి. పైగా ఆ సెమ్ మళ్లీ ఎప్పుడు నడిస్తే అప్పుడే చేరాలి. ఆగస్టులో మొదలయ్యే సెమ్ మళ్లీ వచ్చే ఏడాది ఆగస్టులోనే వస్తుంది. పోయింది ఒక సెమ్ అయినా ఖర్చయ్యేది ఒక సంవత్సరం.

ఈలోపు రెగ్యులేషన్ మారితే ఇంకో చిక్కు. జూనియర్ల సిలబస్ వేరు, మీరు ఇప్పటికే చదివేసిన సబ్జెక్టు వాళ్లకు ఈ సెమ్‌లో ఉండొచ్చు, మీరు చదవనిది వాళ్లకు అయిపోయి ఉండొచ్చు. దాని బదులు ఏది రాయాలో తేల్చుకోవడానికి కాలేజీకీ యూనివర్సిటీకీ మధ్య తిరగాలి. నాలుగేళ్ల బీటెక్‌ను పూర్తి చేయడానికి జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇచ్చే గరిష్ఠ గడువు ఎనిమిదేళ్లు. గడువు చాలానే ఉంది, నిజమే. కానీ ఒక ఏడాది వెనకబడ్డవాడికి ఉండే టెన్షన్ గడువు గురించి కాదు. తన బ్యాచ్ ప్లేస్‌మెంట్స్‌కు వెళ్తుంటే తను జూనియర్ల క్లాసులో చివరి బెంచీలో కూర్చోవడం గురించి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లకు ఇది డబ్బు సమస్య కూడా. స్కాలర్‌షిప్‌కూ 75 శాతం హాజరు షరతు ఉంది, అది పరీక్షల హాజరుతో సంబంధం లేకుండా నడిచే వేరే లెక్క. కాలేజీ కండోనేషన్ ఇచ్చింది కాబట్టి స్కాలర్‌షిప్ వాళ్లూ సర్దుకుంటారని అనుకోవద్దు, ఆఫీసులో విడిగా అడిగి కనుక్కోండి. మళ్లీ చదివే ఏడాదికి ఫీజు ఎవరు కట్టాలనేది కూడా అప్పుడే అడగండి.

ఇంత కఠినంగా ఉండాలా? ఈ ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. 2016లో ఢిల్లీలో ఒక లా విద్యార్థి, హాజరు తక్కువని పరీక్షలు రాయనివ్వకపోయిన తర్వాత ప్రాణం తీసుకున్నాడు. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, కనీస హాజరు లేదన్న కారణంతో లా విద్యార్థులను పరీక్షలకు దూరం పెట్టకూడదని తీర్పు చెప్పింది, హాజరు నియమాలను మళ్లీ పరిశీలించమని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. ఆ తీర్పు లా విద్యార్థులకు సంబంధించింది. ఇంజనీరింగ్ వాళ్లు దాన్ని చూసి నిశ్చింతగా ఉండలేరు. కానీ తీర్పు వెనక ఉన్న ప్రశ్న అందరిదీ. చదువు కోసం పెట్టిన నియమం పిల్లల ప్రాణం మీదకు వచ్చేంత బిగుతుగా ఉండాల్సిన పని లేదు.

హాజరుకూ మార్కులకూ సంబంధం ఉందా అంటే, ఉంది. 2010లో రివ్యూ ఆఫ్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ అనే పత్రికలో, అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చేసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. క్లాసుకు వెళ్లడానికీ మార్కులకూ మధ్య సంబంధం చాలా గట్టిదని తేలింది. చదువుకునే అలవాట్ల కంటే, అంతకుముందు వచ్చిన మార్కుల కంటే హాజరే ఫలితాన్ని బాగా సూచించింది. అదే విశ్లేషణలో ఇంకో మాట కూడా ఉంది. హాజరు తప్పనిసరి అని నియమం పెట్టడం వల్ల మార్కుల్లో వచ్చిన మెరుగు కొద్దిపాటిదే. వెళ్లడం మేలు చేస్తుంది, బెదిరించి పంపడం అంత మేలు చేయదు. పాతికేళ్లుగా బోర్డు ముందు నిలబడ్డవాడిగా ఈ రెండూ నిజమేనని చెప్పగలను. శరీరం బెంచీ మీద, మనసు ఫోన్‌లో ఉన్న వాళ్లకు కూడా రిజిస్టర్‌లో అంకె పెరుగుతుంది.

బెదిరింపు కాని పద్ధతులు లేకపోలేదు. ఢిల్లీ యూనివర్సిటీలో ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని మార్కులు హాజరుకు పెట్టారు. హాజరు శాతం పెరిగే కొద్దీ అవీ పెరుగుతాయి. క్లాసుకు వస్తే కొంచెం లాభం, రాకపోతే కొంచెం నష్టం. ఏడాది కోల్పోవడం కంటే ఇది మనుషులకు తగిన కొలత అనిపిస్తుంది నాకు. సడలింపుల విషయంలోనూ కదలిక వచ్చింది. గర్భిణులు, బాలింతలైన విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు రాసుకోవాలని 2021 డిసెంబరులో యూజీసీ యూనివర్సిటీలను కోరింది. కేరళలో 2023 జనవరిలో, నెలసరి ఇబ్బందులను దృష్టిలో పెట్టుకుని రాష్ట్ర యూనివర్సిటీల్లో అమ్మాయిలకు 73 శాతం చాలన్నారు. రెండు శాతం అంటే 540లో దాదాపు పదకొండు పీరియడ్లు. ఆ డెంగీ అబ్బాయికి తక్కువైనవి ఆరే అని గుర్తు చేసుకుంటే ఆ పదకొండు ఎంత పెద్ద అంకెనో తెలుస్తుంది.

ఎప్పుడు చెప్పారు?

ఆ రోజు వాళ్ల నాన్న వెళ్లిపోతూ అడిగిన ఒక ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. "ఇది అక్టోబరులో మాకు చెప్పి ఉండొచ్చు కదా సార్?" చెప్పి ఉండొచ్చు. జ్వరం తగ్గి కాలేజీకి వచ్చిన రోజునే అతని లెక్క తీసి చూపించి ఉంటే దసరాకు ముందూ వెనకా ఆ ఆరు రోజులు ఊళ్లో ఉండేవాడు కాదు. 36 పీరియడ్లు మిగిలేవి. 381 అయ్యేవి, 70 శాతం దాటి కండోనేషన్ వచ్చేది. మేం నోటీసు బోర్డులో లిస్టు పెట్టింది మాత్రం నవంబరులో.

జేఎన్‌టీయూ హైదరాబాద్ నియమాల్లో కాలేజీలు పదిహేను రోజులకోసారి హాజరును యూనివర్సిటీకి అప్‌లోడ్ చేయాలని ఉంది. అంటే అంకెలు పదిహేను రోజులకోసారి సిద్ధంగానే ఉంటాయి. వాటిని విద్యార్థికీ ఇంటికీ అదే రోజు పంపడానికి అడ్డేమీ లేదు. ఇప్పుడు చాలా కాలేజీల్లో యాప్‌లో కనిపిస్తుంది, ఇంటికి మెసేజ్ వెళ్తుంది. మెసేజ్ వెళ్లే నంబరు విద్యార్థి స్నేహితుడిది కాకుండా నిజంగా అమ్మదో నాన్నదో అయితేనే దానికి విలువ. ప్రాక్సీల సంగతీ అంతే. స్నేహితుడు "ప్రెజెంట్ సార్" అంటే ఆ పూటకు గడిచిపోతుంది. బయోమెట్రిక్ లెక్కతో రిజిస్టర్ లెక్కను పోల్చిన రోజు ఇద్దరి పేర్లూ బయటపడతాయి.

జబ్బు చేస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి. మొదటి రెండు రోజుల్లోనే క్లాస్ ఇన్‌చార్జికి మెసేజ్ పెట్టండి. తిరిగి వచ్చిన రోజే డిశ్చార్జి కాగితాలు, రిపోర్టులు, సర్టిఫికెట్ జిరాక్సులు ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. సెమ్ చివర్లో కమిటీ ముందు కుప్పలుగా వచ్చే సర్టిఫికెట్లలో, జబ్బు చేసిన వారంలోనే వచ్చినదాన్ని అందరూ నమ్ముతారు. ఆఖరి వారంలో పుట్టినదాన్ని, అది నిజమైనదైనా, అనుమానంగా చూస్తారు.

ఆ ఏడాది తర్వాత నేను నా సబ్జెక్టులో ఒక పని మొదలుపెట్టాను. ప్రతి పదిహేను రోజులకు ఒకసారి చివరి ఐదు నిమిషాలు రిజిస్టర్ తీసి, ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ల అంకె వాళ్లకు చూపిస్తాను. అందరికీ వినిపించేలా చదవను, తక్కువ ఉన్నవాళ్లకు అది సిగ్గు. ఈ సెమ్‌లో రెండో వారం చివర ఒక అమ్మాయి అన్ని సబ్జెక్టులవీ కలిపి రాసుకుని వచ్చింది. "సార్, అరవైకి నలభై ఒకటి వచ్చాయి. ఎంత ప్రమాదంలో ఉన్నట్టు?" అంది. మొహంలో భయం.

"ఎన్ని పోయాయమ్మా?"

"పంతొమ్మిది."

"మూడుతో గుణించు."

"యాభై ఏడు." వేళ్ల మీద లెక్క వేసుకుంది. "అంటే ఇంకా పదహారు."

పదహారు పీరియడ్లు. మూడు రోజులు వరసగా వస్తే తీరిపోతుంది. నోట్‌బుక్ వెనక అట్ట మీద 16 అని రాసుకుని, ల్యాబ్‌కు బెల్లు కొడుతుంటే పరిగెత్తింది.